సతారా హిల్ హాఫ్ మారథాన్: వెళ్లదలచిన తెలుగు పరుగుదారుల కోసం

మన ఊళ్లలో ఐదు కిలోమీటర్ల పరుగును కూడా మారథాన్ అనే అంటారు కనుక ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మహారాష్ట్రలోని సతారాలో ఏటా వానాకాలం చివర జరిగే ఈ పోటీ పూర్తి మారథాన్ కాదు, 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్. అయినా పరుగుదారుల మాటల్లో దీని ప్రస్తావన వస్తే పూర్తి మారథాన్‌కు ఇచ్చేంత మర్యాద ఇస్తారు. అందుకు కారణం దారి. ఊళ్లో మొదలై, కొద్ది కిలోమీటర్లకే యవతేశ్వర్ ఘాట్ రోడ్డు ఎక్కి, కాస్ పీఠభూమి వైపు సాగి, దాదాపు సగం దూరంలో వెనుదిరిగి, మళ్లీ అదే ఘాట్ మీదుగా ఊళ్లోకి దిగుతుంది. చదునుగా పరుగెత్తగలిగేది ఊళ్లోని కాస్త దూరమే. పైన కొండ నెత్తిన ఉన్న రోడ్డు కూడా చూడ్డానికి చదునుగా కనిపిస్తుందే గాని, కాళ్లకు ఆ సంగతి వేరుగా తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి మేము ఆరుగురం వెళ్లాం. అందరం కేబీఆర్ పార్కు చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీద ఆదివారాలు కలిసి పరుగెత్తేవాళ్లమే. అరవై దాటిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఖమ్మంలో స్కూలు టీచరుగా పనిచేస్తూ ఇలాంటి పోటీలకు మాతో కలిసే ఒక అక్క, ఇప్పటికే రెండు పూర్తి మారథాన్‌లు ముగించిన ఒక మిత్రుడు, నేను. వెళ్లే ముందు మేము అడిగిన ప్రతివాళ్లూ ఎక్కడం గురించే హెచ్చరించారు. ఊపిరి ఎలా తీసుకోవాలి, ఏ మలుపు దగ్గర నడవాలి, మంచినీళ్లు ఎక్కడ తాగాలి అన్నీ చెప్పారు. దిగడం గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. ఈ సమీక్ష రాయడానికి సగం కారణం అదే.

ముందు ప్రయాణం, బస సంగతులు త్వరగా చెప్పి ముగిస్తాను. పోటీ ఆగస్టు చివర లేదా సెప్టెంబరులో ఉన్నా, పేర్ల నమోదు నెలల ముందే తెరుస్తారు, చాలా త్వరగా నిండిపోతుంది. 'వచ్చే వారం చూద్దాం' అనుకునేవారికి సతారా దొరకదు. హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి సుఖమైన మార్గం పుణె మీదుగానే. సికింద్రాబాద్ నుంచి పుణె శతాబ్ది పట్టుకుంటే, పుణె నుంచి బెంగళూరు హైవే మీద దక్షిణంగా సుమారు 110 కిలోమీటర్లు బస్సులోనో కారులోనో వెళ్లాలి. మేము డబ్బు మిగిల్చే ఆలోచనతో రాత్రి బస్సు ఎక్కాం. అది షోలాపూర్ దగ్గరే గంటన్నర ఆలస్యమైంది. దిగాక తెలిసిన ఇంకో సంగతి ఏమిటంటే, మేము ఫోనులో మాట్లాడి పెట్టుకున్న లాడ్జివారు ఒక గదిని వేరొకరికి ఇచ్చేశారు, మిగిలిన గదిలో వేడినీళ్ల మీట పనిచేయదు. పోటీ జరిగే వారాంతంలో ఊరంతా కిటకిటలాడుతుంది కనుక గదికి అడ్వాన్సు కట్టి, రసీదు చేతిలో పెట్టుకున్నాకే బయలుదేరండి. పరుగుకు ముందు రోజు రాత్రి ఆరుగురు ఒక గదిలో సర్దుకోవడం వినడానికి సరదాగా ఉంటుంది, నిద్రకు మాత్రం కాదు.

ఊరి గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ పోటీ ఎందుకిలా ఉంటుందో అర్థం కాదు. సతారా చిన్న ఊరే గాని, చరిత్రలో చిన్నది కాదు. 1708లో శివాజీ మనవడు శాహూ మహారాజు పట్టాభిషేకం జరిగింది ఇక్కడే. ఆ తరువాత మరాఠా రాజ్యానికి ఇది రాజధాని. ఊరి నెత్తిన అజింక్యతారా కోట, పడమర గోడలా సహ్యాద్రి కొండలు. సైన్యంలోకి తరతరాలుగా మనుషులను పంపిన జిల్లా కావడంతో తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్లు ఇక్కడివారికి వింత కాదు. రియో ఒలింపిక్స్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డుకర్రలు, నీటి గుంట దాటుతూ పరుగెత్తే పోటీ) ఫైనల్‌కు చేరి పదో స్థానంలో నిలిచిన లలితా బాబర్ ఈ జిల్లాలోని మోహీ గ్రామం అమ్మాయే. 2012లో సతారా రన్నర్స్ ఫౌండేషన్ ఈ పోటీని మొదలుపెట్టింది. కాస్ పీఠభూమి పశ్చిమ కనుమల్లో భాగంగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కూడా ఆ ఏడాదే. 2015లో ఒకే కొండ మీది పరుగులో పాల్గొన్నవారి సంఖ్యకు ఈ పోటీ గిన్నిస్ రికార్డు కూడా సంపాదించుకుంది.

మన తెలుగువాళ్లకు ఈ జిల్లాతో ఇంకో చుట్టరికం ఉంది. కృష్ణ పుట్టే మహాబలేశ్వరం ఈ జిల్లాలోనిదే. ఘాట్ రోడ్డు పక్క కాలువలో ఎర్రగా ఉరికే వాననీరు ఏ వాలున జారినా, వెణ్ణా నదిలోనో ఉర్మోడీ నదిలోనో పడి కృష్ణలోనే కలుస్తుంది. ఎక్కుతూ అలిసిపోయిన మా పెద్దాయన కాలువ వైపు చూపించి, "మనం మూడు గంటల్లో దిగుతాం, ఈ నీళ్లు శ్రీశైలం చేరేసరికి ఎన్నాళ్లు పడుతుందో" అన్నారు. ఆయనకు అప్పటికి మాట్లాడేంత ఊపిరి మిగిలి ఉంది, మాకు లేదు.

పరుగు మొదలయ్యేసరికి సన్నగా తుంపర పడుతోంది. గతంలో పరుగెత్తిన వేగాన్ని బట్టి మనుషులను గుంపులుగా విడదీసి, ఒక గుంపు తరువాత ఒక గుంపును వదలడం వల్ల ఊళ్లోని ఇరుకు వీధుల్లో తొక్కిడి లేకుండా కదిలాం. అయితే అక్కడే మొదటి తప్పు జరిగిపోతుంది. ఢోలు, తాషా మోతలు, ఇళ్ల ముందు నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు, 'గణపతి బప్పా మోర్యా' అన్న కేకలు, అన్నీ కలిసి మనిషికి లేని సత్తువ ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. నా గడియారం చూసుకుంటే మొదటి రెండు కిలోమీటర్లు నేను హైదరాబాద్‌లో పరుగెత్తే వేగం కంటే కిలోమీటరుకు ఇరవై సెకన్లు ఎక్కువ వేగంతో వెళ్లాను. పైగా ఊళ్లోని ఆ దారి కూడా తెలియకుండా ఎత్తుకు పోతూనే ఉంటుంది. సమర్థ్ మందిర్ ప్రాంతం దాటి ఘాట్ మొదలయ్యేసరికి నా గుండె కొట్టుకునే వేగం అప్పటికే నేను చివర్లో వాడుకోవాలని దాచుకున్న అంకె దగ్గర ఉంది.

ఘాట్ ఎక్కడం కష్టమే, కాని అబద్ధం చెప్పని కష్టం. ఎత్తు నిలకడగా ఉంటుంది. మన సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కినవారికి ఆ రకం వాలు కొత్త కాదు, ఇక్కడ అది చాలాసేపు సాగుతుంది, అంతే. ఒక మలుపు తిరిగితే ఊరు చేతికింద కనిపిస్తుంది, తరువాతి మలుపులో మబ్బు వచ్చి మూసేస్తుంది. కుడివైపు కొండ రాయి నుంచి నీళ్లు కారుతుంటాయి, నాచు వాసన, తడిసిన గడ్డి వాసన. ఇక్కడ నడవడం సిగ్గుపడాల్సిన పని కాదు. మా పెద్దాయన మొదటి నుంచీ ఒక లెక్క పెట్టుకున్నారు: రెండు వందల అడుగులు పరుగు, వంద అడుగులు నడక, మధ్యలో ఎవరు దాటిపోయినా లెక్క మారదు. పరుగునే నమ్ముకున్న మా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లిద్దరినీ ఆయన ఘాట్ పైభాగంలో దాటుకుని వెళ్లారు. దారి పక్క నిలబడ్డ బడిపిల్లలు ఆయనను చూసి 'ఆజోబా, ఆజోబా' అని అరిచారట. అది ఏదో ఉత్సాహపరిచే మాట అనుకుని ఆయన చేతులు ఊపుకుంటూ వెళ్లారు. తాతయ్య అని అర్థమని సాయంత్రం తెలిసింది.

ఈ దారిలో నాకు బాగా నచ్చిన అంశం, వెళ్లిన దారినే తిరిగి రావడం. సాధారణంగా నాలాంటి మధ్యరకం పరుగుదారుడికి పోటీలో ముందున్నవాళ్లు ఎలా ఉంటారో తెలియనే తెలియదు. వాళ్లు ముగించి, స్నానం చేసి వెళ్లిపోయాక మనం చేరుకుంటాం. ఇక్కడ మనం ఎక్కుతూ ఉండగానే ముందు పోలీసు బండి శబ్దం, ఆ వెనుకే ముందువరుస మనుషులు కొండ దిగుతూ ఎదురొస్తారు. వాళ్ల పాదాలు రోడ్డును తాకుతున్నాయా లేదా అన్నంత తేలిగ్గా, అడుగు చిన్నదిగా, చాలా వేగంగా పడుతుంది, భుజాలు కదలవు. నేను నిలబడి చూశాను, నా సమయం పోతే పోయిందని. ఆ చిన్న అడుగుల సంగతి ఆ క్షణంలో అర్థం చేసుకుని ఉంటే మరుసటి మూడు రోజులు నా బతుకు వేరుగా ఉండేది.

పైన తిరుగుమలుపు చుట్టూ దట్టమైన మబ్బు. కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని పరుగెత్తాల్సి వచ్చింది, ఎందుకంటే తుడిచిన పది అడుగులకే మళ్లీ ఆవిరి పట్టేది. కళ్లద్దాల వాళ్లు ముందు అంచున్న టోపీ తప్పక పెట్టుకోండి. గొడుగు బట్టతో కుట్టిన వానకోటు మాత్రం వద్దు. మా బృందంలో ఒకరు అది వేసుకుని లోపల చెమటతో బయట వానకంటే ఎక్కువ తడిశారు. దారిలో నీళ్లు, నారింజ తొనలు, ఉప్పు పూసిన నిమ్మముక్కలు కొదవ లేకుండా దొరికాయి. నిర్వాహకుల బల్లలే కాక, ఊరివాళ్లు సొంతంగా ఇళ్ల నుంచి తెచ్చి పంచేవీ చాలా ఉన్నాయి. ఒక మలుపులో తొమ్మిది గజాల చీర కట్టుకున్న ఒక ముసలమ్మ, స్టీలు పళ్లెంలో వేరుశనగ బెల్లం అచ్చులు పెట్టుకుని, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ముక్క తానే పెడుతోంది. చెయ్యి చాపకుండా దాటిపోబోయిన నన్ను మోచేయి పట్టి ఆపి మరీ పెట్టింది. ఏదో అంది, నాకు మరాఠీ రాదు. గొంతు మాత్రం మా నాయనమ్మ 'ఒట్టి కడుపుతో పోతావేంరా' అన్నప్పటిది.

ఇక దిగడం. తిరుగుమలుపు దాటి వెనక్కి వస్తూ, ఘాట్ అంచుకు చేరగానే ఊపిరి కుదుటపడుతుంది, కాళ్లు తమంతట తామే సాగుతాయి, గడియారంలో అంకెలు మారిపోతాయి. ఎక్కేటప్పుడు పోగొట్టుకున్న నిమిషాలన్నీ వడ్డీతో వసూలు చేసుకోవచ్చని అందరికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పెద్ద పెద్ద అంగలు వేస్తూ, మడమ ముందు ఆనించి, ప్రతి అడుగులో వేగాన్ని ఆపుకుంటూ దిగాను. తప్పు సరిగ్గా అక్కడే ఉంది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ మన బరువును ఆపాలి. బరువు మోస్తూ సాగే కండరంలో సన్నని చీలికలు వస్తాయి. అలసట ఊపిరిలో తెలుస్తుంది కనుక మనం వేగం తగ్గిస్తాం. ఈ నష్టం ఆ సమయంలో నొప్పిగా తెలియదు కనుక తగ్గించం. దాని బిల్లు ఒకటి రెండు రోజుల తరువాత వస్తుంది. ఎంత పెద్ద అంగ వేస్తే అంత ఎక్కువ బ్రేకు, అంత ఎక్కువ చీలిక. నేను ఎక్కుతూ చూసిన ఆ ముందువరుస మనిషి చిన్న చిన్న అడుగులు వేసింది అందంకోసం కాదు.

దీనికి తోడు రోడ్డు తడి. తారు మీద కాలు బాగానే నిలుస్తుంది, కాని అంచున వేసిన తెల్ల గీత మీద మాత్రం సబ్బు మీద కాలేసినట్టే. మలుపుల్లో అందరూ దగ్గర దారి కోసం లోపలి అంచుకు వస్తారు, అంచున ఉండేది ఆ గీతే. ఒకసారి జారి, పక్కనున్న అపరిచితుడి భుజం పట్టుకుని నిలబడ్డాను. ఆయన 'సావకాశ్, సావకాశ్' అంటూ నవ్వాడు. మన భాషలో కూడా ఉన్న మాటే కనుక నిదానంగా వెళ్లమంటున్నాడని తెలిసింది, అయినా వినలేదు. ఘాట్ దిగి ఊళ్లోని చదును రోడ్డు మీదికి వచ్చేసరికి అసలు వింత ఎదురైంది. కాళ్లు చదునులో పరుగెత్తడం మరిచిపోయాయి. మోకాలు మడుచుకోవాలంటే ఆలోచించి మడుచుకోవాల్సి వచ్చింది. చివరి రెండు కిలోమీటర్లకు నాకు పట్టిన సమయం, ఘాట్ ఎక్కుతూ రెండు కిలోమీటర్లకు పట్టినదానితో దాదాపు సమానం. బూటు ముందుభాగానికి కొట్టుకుని ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. అది పూర్తిగా ఊడి కొత్తది రావడానికి నెలలు పట్టింది. తప్పు బూటుది కాదు, తాళ్లు దిగడానికి తగినట్టు చీలమండ దగ్గర బిగించుకోని నాది.

మిగతావాళ్ల అనుభవాలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఒకే దారి ఆరుగురికి ఆరు రకాలుగా ఉంది. రెండు పూర్తి మారథాన్‌ల మిత్రుడు తన చదును సమయం కంటే పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకుని, అది తనకు తెలిసిన అత్యంత కష్టమైన 21 కిలోమీటర్లని తేల్చాడు. కుర్రాళ్లలో ఒకడికి పదిహేడో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసి, వైద్య సహాయక బృందం మర్దన చేసి మంచుగడ్డ పెట్టాక కుంటుకుంటూ ముగించాడు. ఖమ్మం అక్క సంగతి వేరు. ఆమె వారానికి మూడు రోజులు బడి మూడో అంతస్తు మెట్లు పిల్లలు రాకముందే ఎక్కి దిగేదట, అదీ దిగడమే లెక్కపెట్టి మరీ. ఆమెకు మరుసటి రోజు కూడా నొప్పి లేదు. ఇందులో మాయ ఏమీ లేదు: దిగుడుకు ఒకసారి నొచ్చుకున్న కండరం ఆ తరువాత కొన్ని వారాలపాటు అదే రకం శ్రమకు అంతగా నొచ్చుకోదు. అంటే పోటీకి రెండు మూడు వారాల ముందు ఒక్కసారైనా వాలు మీద కిందికి పరుగెత్తి ఒళ్లు నొప్పులు తెచ్చుకున్నవాళ్లే సతారాకు తయారైనవాళ్లు.

కనుక హైదరాబాద్‌వాళ్లు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు, విశాఖవాళ్లు సింహాచలం ఘాట్‌కో కైలాసగిరికో వెళ్లి సాధన చేయడం మంచిది. అక్కడికి వెళ్లి ఎక్కి, ఆటోలో కిందికి రావడం మన అలవాటు. దయచేసి ఎక్కడానికి ఆటో ఎక్కి, కిందికి పరుగెత్తండి. ఊళ్లోనే ఉండాల్సినవాళ్లకు ఫ్లైఓవర్లు ఉన్నాయి. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ల గురించి సణిగేవాళ్లం మేమందరం. సతారా తరువాత ఆ సణుగుడు ఆగిపోయింది.

ఎవరు వెళ్లకూడదో కూడా చెబుతాను. ఇదే మీ మొదటి హాఫ్ మారథాన్ అయితే వద్దు, ముందు చదును రోడ్డు మీద ఒకటి ముగించండి. మీ అత్యుత్తమ సమయాన్ని మెరుగుపరచుకోవాలన్న పట్టుదలతో వెళ్లేవారికి ఇది అనవసరపు ఖర్చు. మా ఆరుగురికీ పది నుంచి ఇరవై ఐదు నిమిషాలు అదనంగా పట్టింది. మోకాలి నొప్పి ఉన్నవారు వైద్యుడిని అడక్కుండా వెళ్లొద్దు. జనసమ్మర్దం గిట్టనివారికి కూడా ఇది నచ్చకపోవచ్చు. ఘాట్ రోడ్డు రెండు వాహనాల వెడల్పే, అందులో సగం ఎక్కేవాళ్లకు, సగం దిగేవాళ్లకు. మధ్య గుంపుల్లో ఉన్నవాళ్లు తమ ఇష్టమైన వేగంతో వెళ్లాలంటే చాలాసార్లు పక్కకు తప్పుకోక తప్పదు. కొండ దారికి అది సహజమే, కాని తెలుసుకుని వెళ్లడం మంచిది. ఇవేవీ అడ్డు కానివారు, అంటే ఒక ఊరు మొత్తం పొద్దున్నే లేచి వానలో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లకు బెల్లం అచ్చులు తినిపించడం చూడాలనుకునేవారు, తప్పక వెళ్లాలి. ఐదుకు నేను నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ అర నా బొటనవేలిది.

ఒక్క సలహా మిగిలింది. పరుగు ముగించి అదే సాయంత్రం తిరుగు బస్సు ఎక్కకండి; మడిచిన కాళ్లతో రాత్రంతా కూర్చోవడం కంటే ఒక పూట ఉండటం మేలు. సతారాలో దొరికే పాలకోవా మిఠాయి, కందీ పేడాలు తినండి (పరుగుకు ముందు మాత్రం తినకండి, ఆ తప్పు మా కుర్రాడొకడు చేశాడు). పూలు విచ్చుకుని ఉంటే కాస్ చూడండి. మేము మరుసటి ఉదయం ఊరికి దగ్గరలోనే కృష్ణ, వెణ్ణా కలిసే సంగం మాహులీకి వెళ్లాం. పాత రాతి గుడి, దాని ముందు నదిలోకి దిగే వెడల్పాటి మెట్లు. కృష్ణ నీళ్లు తల మీద చల్లుకోవాలని అందరికీ ఉంది. పై మెట్టు మీద నిలబడి నేను కుడికాలు కిందికి పెట్టబోయాను, తొడ ఒప్పుకోలేదు. పక్కకు తిరిగి దిగబోయాను, అదీ కుదరలేదు. మా రెండు మారథాన్‌ల వీరుడు వెనక్కి తిరిగి, చేతులు మెట్టు మీద ఆనించి, పసిపిల్లవాడు మంచం దిగినట్టు రెండు మెట్లు దిగి అక్కడే కూర్చుండిపోయాడు. కుర్రాళ్లు ప్రయత్నం కూడా చేయలేదు. చివరికి పెద్దాయన, టీచరక్క మామూలుగా మెట్లు దిగి వెళ్లి, రెండు సీసాల్లో నీళ్లు పట్టుకుని పైకి వచ్చి, వరుసగా కూర్చున్న మా నలుగురి నెత్తిన తలా కాసిని చల్లారు.